బిగిసినంత మాత్రాన సరిపోయినట్టు కాదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు. ఈ నెల: స్కూబా (గాలి సిలిండర్‌తో నీళ్లలో దిగే) సరంజామా

రుషికొండ, భీమిలి వైపు సముద్రంలో దిగేవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నాయి. అందరి సామానుకీ కలిసే బిగింపు ఉన్నది కొనాలా, కంపెనీ తన సొంత కొలతతో చేసిన ఖరీదైనది కొనాలా? మా లెక్క ముందే చెప్పేస్తాం. మీ సామాను ఇంకొకరి సామానుతో కలిసే చోట అందరి కొలతే ఉండాలి. ఒకే వస్తువు కడుపులో కంపెనీ ఏ కొలత పెట్టుకున్నా మనకి పేచీ లేదు. చిక్కంతా ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవడంలోనే.

ప్ర: సొంతంగా రెగ్యులేటర్ కొందామనుకుంటున్నాను. బోటు మీద అద్దె సిలిండర్లన్నిటికీ యోక్ వాల్వే. దుకాణదారు మాత్రం డిన్ తీసుకోమంటున్నాడు. ఏది మేలు?
– మధురవాడ పాఠకుడు

జ: సిలిండర్ గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది రెగ్యులేటర్. అందులో సిలిండర్‌కి బిగించే భాగం ఫస్ట్ స్టేజ్, నోట్లో పెట్టుకునేది సెకండ్ స్టేజ్. యోక్ అంటే ఒక చట్రం వాల్వ్‌ని చుట్టుకుని, వెనక మరచీల బిగిస్తే రెగ్యులేటర్‌ని వాల్వ్ ముఖానికి నొక్కిపట్టే పద్ధతి. డిన్‌లో రెగ్యులేటరే మరచీలలాగా వాల్వ్ లోపలికి ఎక్కుతుంది. అసలు తేడా ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) ఎవరిదన్న దాంట్లో ఉంది. యోక్‌లో ఓ-రింగ్ సిలిండర్‌ది. పదిమంది చేతుల్లో పడి, బోటు మీద ఎండకి ఎండి, ఉప్పుకి బిరుసెక్కి మీ దగ్గరికొస్తుంది. డిన్‌లో అది మీ రెగ్యులేటర్ కొసనే ఉంటుంది, దాని బాగోగులు మీవే. పైగా చుట్టూ లోహం కప్పి ఉంటుంది గనక పక్కకి జారే సందు లేదు.

యోక్ ఓ-రింగ్ లోపలి వ్యాసం 12.4 మి.మీ. సిలిండర్‌లో 200 బార్ (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఉన్నప్పుడు ఆ కాస్త వృత్తం మీదే దాదాపు 250 కిలోల తోపుడు ఉంటుంది. దాన్ని ఆపేది వెనకున్న ఆ ఒక్క మరచీలే. బోటు అంచుకి ఫస్ట్ స్టేజ్ గట్టిగా తగిలి చట్రం వెంట్రుకవాసి కదిలితే చాలు, ఓ-రింగ్ పక్కకి పాకి బుస్సుమంటుంది. అందుకే యోక్‌ని 232 బార్ దాకానే అనుమతిస్తారు.

డిన్‌లో రెండు రకాలున్నాయి. 232 బార్ దాకా పనికొచ్చేదానికి ఐదు చుట్ల మర, 300 బార్‌దానికి ఏడు చుట్ల మర. రెండింటి మర కొలతా జీ 5/8 అంగుళమే. ఏడు చుట్ల రెగ్యులేటర్ రెండు వాల్వుల్లోనూ కూర్చుంటుంది. ఐదు చుట్లది 300 బార్ వాల్వ్‌లో పెడితే బాగా బిగిసినట్టే ఉంటుంది కానీ ఓ-రింగ్ అడుగు దాకా అందదు. గాలి తెరవగానే లీకు కొడుతుంది. అది తయారీ లోపం కాదు, కావాలనే అలా చేశారు. కొంటే ఏడు చుట్లదే కొనండి.

ఇక మీ ప్రశ్నకి. సెలవులకి వచ్చేవాళ్లని నీళ్లలోకి దింపే సెంటర్లలో మనదేశంలో యోకే ఎక్కువ. కొన్నిచోట్ల డిన్ వాల్వ్‌లోనే ఒక బిళ్ల బిగించి యోక్‌గా వాడతారు. వాల్వ్ మూసి, అలెన్ కీతో ఆ బిళ్ల విప్పితే మీ డిన్ నేరుగా ఎక్కుతుంది. బిళ్ల లేని అసలు యోక్ అయితే మీ రెగ్యులేటర్‌కి యోక్ అడాప్టర్ తగిలించాలి. అడాప్టర్ వల్ల ఫస్ట్ స్టేజ్ మరికాస్త వెనక్కి పొడుచుకొచ్చి తలకి తగులుతుంది. లీకయ్యే చోట్లు ఒకటి నుంచి రెండవుతాయి. ఏ ఎండకా గొడుగు పట్టినందుకు కట్టే సుంకం అది. ఏడాదికి నాలుగుసార్లు రుషికొండలోనే దిగేవారైతే నేరుగా యోక్ కొనుక్కోండి, తప్పేం లేదు. సిలిండర్‌కి ఎక్కించే ముందు ఓ-రింగ్‌ని గోరుతో తడిమి చూసుకుంటే చాలు. వేరే సముద్రాలు కూడా చూడాలనుంటే డిన్ 300, దానికో అడాప్టర్.

ప్ర: పాత బీసీడీ ఒకటి చవగ్గా దొరికింది. దాని ఇన్‌ఫ్లేటర్‌లోనే ఊపిరి తీసుకునే ఆక్టోపస్ కూడా ఉంది. అద్దె రెగ్యులేటర్ హోస్ దానికి పట్టడం లేదు. లేతు మిషను మీద ఏదైనా చేయించుకోవచ్చా?
– భీమిలి పాఠకుడు

జ: లేతు దాకా వెళ్లకండి. (తెలియనివాళ్లకి: బీసీడీ అంటే గాలి నింపి తేలుడు సర్దుకునే జాకెట్టు. ఇన్‌ఫ్లేటర్ అంటే దానిలోకి గాలి ఎక్కించే బటన్ల పిడి. ఆక్టోపస్ అంటే ఆపదకి ఉంచుకునే రెండో సెకండ్ స్టేజ్.) మీ హోస్‌కి రెండు కొసలున్నాయి. ఫస్ట్ స్టేజ్ వైపు కొస దాదాపు అన్ని కంపెనీలకీ ఒకటే, 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్ అనే మర, అంగుళానికి 24 చుట్లు. ఇన్‌ఫ్లేటర్ వైపున్న కప్లింగ్ మాత్రమే ఆ కంపెనీ సొంతం. అంటే మీరు ఆ బీసీడీతో పాటు దాని హోస్ కూడా వెంట తీసుకెళ్లి, అద్దె ఫస్ట్ స్టేజ్‌కి ఉన్న మామూలు హోస్ విప్పి మీది బిగిస్తే పనైపోతుంది. చాలా ఎల్పీ (తక్కువ ఒత్తిడి) హోస్‌లకి 14 మి.మీ. పానా సరిపోతుంది. ముందు వాల్వ్ మూసి, సెకండ్ స్టేజ్ మీదున్న పర్జ్ బటన్ నొక్కి గాలంతా వదిలేయండి. కొత్త 011 సైజు ఓ-రింగ్ వేయండి. చేత్తో చివరిదాకా తిప్పి, పానాతో కొద్దిగా బిగువు ఇవ్వండి. లీకు ఆపేది ఓ-రింగ్, మీ భుజబలం కాదు. ఎక్కువ బిగిస్తే ఇత్తడి మర లాగేసుకుంటుంది. అద్దె సామాను విప్పే ముందు సెంటర్ వాళ్లకి చెప్పి విప్పండి.

కంపెనీ ఇలా వేరే కప్లింగ్ పెట్టడం కేవలం మనల్ని కట్టిపడేయడానికి కాదు. మామూలు కప్లింగ్ లోపల ఒక సన్నటి పిన్ను వాల్వ్ ఉంటుంది. బీసీడీలోకి గాలి ఎక్కించడానికి ఆ సందు చాలు. ఊపిరికి చాలదు. 20 మీటర్ల లోతులో ఒత్తిడి పైకన్నా మూడు రెట్లు కాబట్టి ఒక్కో గుక్కకి మూడు రెట్ల గాలి ఆ సందులోంచే రావాలి. 30 మీటర్ల దగ్గర నాలుగు రెట్లు. కంగారుపడి ఎగశ్వాస తీసే మనిషికి అది ఏ మూలకీ చాలదు. అందుకే వెడల్పాటి దారి చేశారు, వెడల్పాటి దారికి వేరే కొలత వచ్చింది. ఇక్కడ సొంత బిగింపుకి న్యాయం ఉంది.

అయినా మేం ఆక్టోపస్ కలిసిన ఆ ఇన్‌ఫ్లేటర్‌ని తీసేయమనే అంటాం. ఉప్పు పట్టి ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇరుక్కుపోయి గాలి దానంతటదే ఎక్కుతోందనుకోండి. వెంటనే చేయాల్సింది హోస్ ఊడదీయడం. రెండూ ఒకదాంట్లోనే ఉంటే దాంతో మీ రెండో ఊపిరి కూడా పోతుంది. ఇంకోటి. తోటివాళ్లకి గాలి ఇవ్వాల్సి వస్తే మీ నోట్లోది వాళ్లకిచ్చి, మీరు ఎడమ భుజం దగ్గరి పొట్టి గొట్టం కొరుక్కోవాలి. పైకి వస్తూ అదే గొట్టాన్ని ఎత్తి గాలి వదలాలంటే తల కూడా దానితో పాటే పోవాలి.

మార్చడం పెద్ద పనేం కాదు. ముడతల గొట్టం చివరున్న కేబుల్ టై కత్తిరించండి, గొట్టానికి మాత్రం బ్లేడు తగలనివ్వకండి. కొసని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడి పాత ఇన్‌ఫ్లేటర్ ఊడొస్తుంది. మామూలు ఇన్‌ఫ్లేటర్ మెడని గొట్టంలోకి చివరిదాకా తోసి, కొత్త టై రెండు చుట్లు వేసి లాగండి. మెడ లావు, గొట్టం లోపలి వ్యాసం కొలిచి సరిపోల్చుకున్నాకే కొనండి. బీసీడీ నిండా గాలి ఊది నీళ్ల తొట్టెలో ముంచి బుడగలు చూడండి. తర్వాత పైకి తీసి ఓ రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దునకి మెత్తబడితే ఎక్కడో కారుతున్నట్టే. పసుపు హోస్ మీద విడిగా ఒక ఆక్టోపస్ పెట్టుకోండి.

ప్ర: చేతికొచ్చిన అల్యూమినియం సిలిండర్‌కి వాల్వ్ లేదు. మా దగ్గరున్న వాల్వ్ ఎక్కుతోంది కానీ కొంచెం వదులు. టెఫ్లాన్ టేపు చుడితే సరిపోతుందా?
– గాజువాక పాఠకుడు

జ: ఆపేయండి. ఈ నెల ఉత్తరాల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఇదొక్కటే.

సిలిండర్ మెడ మరలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఎం25, అంటే బయటి వ్యాసం 25 మి.మీ., చుట్టుకీ చుట్టుకీ మధ్య 2 మి.మీ. ఇంకోటి ముప్పావు అంగుళం (అది పైపు కొలత పేరు మాత్రమే), దాని బయటి వ్యాసం 26 మి.మీ. పైచిలుకు, అంగుళానికి 14 చుట్లు, అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.81 మి.మీ. ఎం25 వాల్వ్ ముప్పావు అంగుళం మెడలో పెడితే రెండు మూడు చుట్లు చక్కగా తిరుగుతుంది, కాస్త ఆడుతుంది, తర్వాత పట్టేసి గట్టిగా బిగిసినట్టు అనిపిస్తుంది. నిజానికి చుట్ల అంచులు మాత్రమే ఒకదానికొకటి తగులుతుంటాయి. సగం గాలి నింపేదాకా ఊరుకుని, ఆ తర్వాత ఊడొచ్చే ప్రమాదం ఉంది. ఎంత బలంతో అంటారా? 25 మి.మీ. వృత్తం మీద 200 బార్ అంటే ఒక టన్ను. ఎదురుగా ఉన్నది గోడైనా మనిషైనా దానికి ఒకటే.

టేపు సంగతి. ఇవి కొసకి సన్నబడని నిలువు మరలు, కింద ఓ-రింగే గాలిని ఆపుతుంది. ముప్పావు అంగుళానికి మామూలుగా 214 సైజు. టేపు వదులుని కప్పిపెడుతుందే గానీ బలం ఇవ్వదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ప్రమాదాన్ని చూపించే ఒకే ఒక్క గుర్తుని మీరే చెరిపేస్తారు.

చేయాల్సిందిది. సిలిండర్ భుజం మీద, వాల్వ్ మెడ మీద మర కొలత గుద్ది ఉంటుంది. రెండూ అక్షరం అక్షరం ఒకటిగా ఉంటేనే ముందుకెళ్లండి. ఒకదాని మీద గుర్తు చెరిగిపోతే అనుమానం వద్దు, ఆ రెండూ కలవనట్టే. భుజం మీద పరీక్ష తేదీ కూడా చూడండి. గడువు దాటితే గ్యాస్ సిలిండర్ల నిబంధనలు 2016 ప్రకారం, పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రంలో నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. మరలకి గేజి పెట్టి చూడమని అక్కడే అడగండి.

ఇదే ఉత్తరంలో ఫ్యాక్టరీ అగ్నిమాపక సిబ్బంది ఊపిరికి వాడే సిలిండర్లు మన సామానుతో కలుస్తాయా అనీ అడిగారు. వాటి వాల్వ్ కూడా జీ 5/8 అంగుళం డిన్నే కావచ్చు, 300 బార్‌ది కావచ్చు. ఐదు చుట్ల రెగ్యులేటర్ దాంట్లో పెడితే లీకు కొడుతుందని పైన చెప్పాం. దానికి తలకిందులుగా జరిగితేనే ముప్పు. 300 బార్ కంప్రెషర్ హోస్ కొస 232 బార్ సిలిండర్ వాల్వ్‌లో హాయిగా ఎక్కేస్తుంది. ఈ కొలత ఒకవైపే కాపలా కాస్తుంది. రెండో వైపు కాపలా గాలి నింపే మనిషి కళ్లే. అతను బిగింపు కాదు, సిలిండర్ భుజం మీది అంకె చూడాలి.

ప్ర: ఓ-రింగులు ఆటోనగర్ హైడ్రాలిక్ దుకాణంలో పావు ధరకే దొరుకుతున్నాయి. వాడొచ్చా?
– మర్రిపాలెం పాఠకురాలు

జ: బయటి కీళ్లకి వాడొచ్చు. ఇవి ఏఎస్ 568 అనే పట్టిక ప్రకారం తయారవుతాయి. ఆ అంకె చెప్పి అడిగితే దుకాణదారుకి అర్థమవుతుంది. యోక్ వాల్వ్ ముఖానికి 014, అంటే లోపలి వ్యాసం 12.42, మందం 1.78 మి.మీ. డిన్ కొసకి ఎక్కువగా 112 వాడతారు, వ్యాసం దాదాపు అంతే కానీ మందం 2.62. కొన్ని కంపెనీలు 111 పెడతాయి కాబట్టి పాతది పట్టుకెళ్లి సరిచూసుకోండి. ఎల్పీ హోస్‌కి 011, హెచ్‌పీ (ఎక్కువ ఒత్తిడి) హోస్‌కి 012, సెకండ్ స్టేజ్ దగ్గర హోస్ చివరికి 010. ప్రెషర్ గేజి తిరిగే చోట లోపల ఉండే చిన్న పుల్లకి అటొకటీ ఇటొకటీ 003. అక్కడి నుంచి వచ్చే సన్నటి బుడగల వరసకి మందు ఆ రెండే.

అంకెతో పాటు రబ్బరు బిరుసు కూడా చెప్పండి. దుకాణాల్లో మామూలుగా ఇచ్చేది 70 షోర్ బిరుసున్న నైట్రైల్ రబ్బరు. సిలిండర్ ఒత్తిడి నేరుగా తగిలే 014, 112, 012లకి 90 షోర్ అడగండి. మెత్తటిది సందులోకి పిండుకుపోతుంది. పూత పల్చగా చాలు, సిలికాన్ గ్రీజు. వాజిలీను, ఇంజన్ గ్రీజు, ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వద్దు. ఆక్సిజన్ 40 శాతం దాటిన గ్యాస్ వాడే సామానుకి సిలికాన్ కూడా పనికిరాదు, ఆక్సిజన్‌కి తగిన ప్రత్యేక గ్రీజు కావాలి. పాత ఓ-రింగ్ తీయడానికి సూది, స్క్రూడ్రైవర్ వాడకండి. గాడిలో ఒక్క గీత పడితే ఎన్ని కొత్తవి వేసినా లీకే. ప్లాస్టిక్ పుల్ల చాలు.

రెగ్యులేటర్ కడుపులోవి వేరు. సీటు, పిస్టన్, డయాఫ్రమ్ కంపెనీ కిట్‌లోవే కావాలి, బిగించేది శిక్షణ పొందినవాళ్లే కావాలి. కొనే రోజునే అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ మోడల్ సర్వీస్ కిట్ మనదేశంలో ఎవరి దగ్గరుంది?

ప్ర: అందరూ ఒకే కొలతకి ఎందుకు రారు? కంపెనీల స్వార్థమేనా?
– ఎంవీపీ కాలనీ పాఠకుడు

జ: స్వార్థం కొంత. కానీ కలవకుండా చేయడం కూడా ఒక్కోసారి రక్షణే. పాత రెగ్యులేటర్లలో హెచ్‌పీ రంధ్రం, ఎల్పీ రంధ్రం రెండూ 3/8 అంగుళమే. సుమారు 10 బార్‌కి చేసిన హోస్‌ని పొరపాటున 200 బార్ రంధ్రానికి తగిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తర్వాత హెచ్‌పీని 7/16కి పెంచారు. ఇప్పుడు ఆ పొరపాటు చేయాలన్నా చేయలేరు. పాత సామాను ఎవరైనా ఇస్తే ముందు ఇదే చూడండి.

అలాంటిదే ఇంకో ప్రయత్నం అంతగా పారలేదు. యూరప్‌లో 2008 నుంచి నైట్రాక్స్ (మామూలు గాలికన్నా ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్) సిలిండర్లకి ఎం26 అనే వేరే మర తప్పనిసరి చేశారు, మామూలు గాలి సామాను కలవకూడదని. కానీ లోపల ఆక్సిజన్ ఎంత శాతమో మరకి తెలియదు కదా. 32 శాతమైనా 80 శాతమైనా అదే మర. డైవర్ ఎలాగూ మీటరు పెట్టి కొలవాల్సిందే. దాంతో చాలామంది అడాప్టర్లు కొనుక్కున్నారు. ఆ కొలత మిగతా ప్రపంచానికీ పెద్దగా పాకలేదు.

మర కలిసినా పని కలవకపోవడం ఇంకో రకం. మామూలు సెకండ్ స్టేజ్‌లో ఫస్ట్ స్టేజ్ పాడై ఒత్తిడి పెరిగితే వాల్వ్ దానంతటదే తెరుచుకుని గాలి వదిలేస్తుంది. పోసైడన్ కంపెనీ జెట్‌స్ట్రీమ్ లాంటి సెకండ్ స్టేజ్‌లలో వాల్వ్ ఎదురు దిశలో మూసుకుంటుంది, ఒత్తిడి పెరిగితే ఇంకా బిగుస్తుంది. అందుకే దానికి విడిగా రిలీఫ్ వాల్వ్ ఉండాలి. అడాప్టర్ దొరికింది కదా అని దాన్ని ఏ ఫస్ట్ స్టేజ్‌కి పడితే దానికి తగిలించకూడదు.

ఒకే కొలత విలువ ఎంతో చూడాలంటే మన విశాఖ రేవే చాలు. హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జులైలో ఇక్కడే నౌకాదళంలో చేరింది. ఆపదలో ఉన్న జలాంతర్గామి దగ్గరికి వెళ్లే రక్షణ వాహనానికి అది తల్లి ఓడ. ఆ వాహనం కింద ఉన్న అంచు, జలాంతర్గామి తలుపు చుట్టూ ఉన్న చదునైన వలయం ముందే ఒప్పుకున్న కొలతలో లేకపోతే అంత లోతుకి వెళ్లీ లాభం లేదు.

ప్ర: స్నేహితుడి ట్రాన్స్‌మిటర్ నా కంప్యూటర్‌తో పనిచేస్తుందా?
– సీతమ్మధార పాఠకుడు

జ: ట్రాన్స్‌మిటర్ అంటే సిలిండర్ ఒత్తిడిని తీగ లేకుండా డైవ్ కంప్యూటర్‌కి పంపేది. అది మీ ఫస్ట్ స్టేజ్‌కి బిగుస్తుంది, మర 7/16. మాట కలవకపోవచ్చు, సంకేతాలు కంపెనీని బట్టి మారతాయి. రెండు మోడళ్ల పేర్లూ చెప్పి తయారీదారుని అడగండి. బిగించేటప్పుడు ప్లాస్టిక్ ఒళ్లు పట్టుకుని తిప్పకుండా కిందున్న లోహపు పట్టుకే పానా వేయండి. మామూలు ముల్లు గేజి ఒకటి పక్కన ఉంచుకోండి. కంప్యూటర్ కొత్తది కొనేవాళ్లు, మీరే మార్చుకోగల మామూలు బ్యాటరీ ఉందో లేదో చూడండి.

ప్ర: ఒడ్డు నుంచి దిగుతుంటే అల తాకిడికి బీసీడీ బరువుల సంచి ఒకటి ఊడి పోయింది. ఆ మోడల్ సంచి ఇప్పుడు రావడం లేదట.
– లాసన్స్ బే కాలనీ పాఠకురాలు

జ: సంచి పోవడం అటుంచి, లోతులో ఊడితే ఒక్కసారిగా పైకి తేలిపోతారు. ఈ సంచుల క్లిప్పులో మన బీచ్ ఇసుక చేరితే టక్కుమన్న శబ్దం వస్తుంది కానీ పళ్లు పూర్తిగా పట్టవు. దిగేముందు సంచిని పట్టుకుని గట్టిగా కిందికి గుంజి చూడాలి.

50 మి.మీ. పట్టీ, ఒక బకిల్ కొనుక్కోండి. ఏ సెంటర్ సీసపు దిమ్మలైనా దానికి ఎక్కుతాయి. పట్టీ బకిల్ కుడిచేత్తో ఒక్క లాగుకి విడిపోవాలి, మిగిలిన కొస పిడికెడు కన్నా పొడుగు ఉండకూడదు. మొత్తం బరువు పట్టీకే వద్దు, కొంత సిలిండర్ బెల్టు జేబుల్లో సర్దితే నడుం నొప్పి రాదు. బరువు సరిచూసేది డైవ్ చివర్లో, సిలిండర్‌లో 50 బార్ ఉన్నప్పుడు. 11 లీటర్ల సిలిండర్‌లో 200 నుంచి 50 బార్‌కి వచ్చేసరికి గాలే దాదాపు 2 కిలోలు తగ్గుతుంది.

ప్ర: అండమాన్ వెళ్తున్నాం, రెగ్యులేటర్లు మావే. ఏమేం పట్టుకెళ్లాలి?
– పెందుర్తి పాఠకుడు

జ: సిలిండర్ అక్కడే అద్దెకి. డిన్ అయితే యోక్ అడాప్టర్, బిళ్ల విప్పే అలెన్ కీ రెండు సైజులు. 014 పది, 112 నాలుగు, 011, 012, 010, 003 తలా నాలుగు, ఒక్కో సైజుకి చీటీ అంటించిన జిప్ కవర్లో. 14, 16 మి.మీ. పానాలు, ఇవి చెకిన్ బ్యాగులోనే. ఒక మామూలు ఇన్‌ఫ్లేటర్ హోస్, నాలుగైదు కేబుల్ టైలు, ఫిన్ (కాలికి తొడుక్కునే రెక్క) పట్టీ ఒకటి. మీ ఫిన్‌కి కంపెనీ సొంత క్లిప్పు ఉంటే దాని పట్టీ అక్కడ దొరకదనుకునే వెళ్లండి. ఇంట్లోనే హోస్‌లన్నీ ఒకసారి విప్పి బిగించి చూడండి. ఏడాదిగా కదలని మరలో చిలుము పట్టి ఉంటే అది బోటు మీద విడిపోదు.